ఈశాన్యపు నీళ్ళు

మా ఆయన సీతారామాంజనేయులు గారికి దేవుడి మీద కంటే దిక్కుల మీద నమ్మకం ఎక్కువ. మా ఆఫీసు ఉద్యోగుల సొసైటీ కొత్తగూడ అవతల చెరువు గట్టున లేఅవుట్ వేసినప్పుడు, అందరూ రోడ్డుకు దగ్గరి ప్లాట్ల కోసం కొట్టుకున్నారు. ఈయన మాత్రం చిట్టచివర, కుక్క కూడా పోని మూల ప్లాటు కావాలని సెక్రటరీ ఇంటి చుట్టూ నెల రోజులు తిరిగారు. కారణం ఒక్కటే. ఆ ప్లాటుకు ఈశాన్యాన చెరువుంది. "ఈశాన్యంలో నీళ్ళుంటే ఆ ఇంటికి తిరుగులేదు భ్రమరాంబా" అన్నారు. ఆ మూల ప్లాటులో మళ్ళీ ఈశాన్య మూలే చూసి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే మనిషిని పిలిపించి, కాయ నిలబడిన చోట బోరు వేయించారు. నూట ఎనభై అడుగులకే నీళ్ళు పడ్డాయి. పైగా తియ్యటి నీళ్ళు.

అప్పటిదాకా నేను ఆయన్ని ఆటపట్టించిన మాట నిజమే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో పాతికేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. కానీ ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నాక నా నోరు మూతపడింది. చక్కెర వేసినట్టు కాదు గాని, మింగాక నాలుక మీద ఏదో తీపి మిగిలేది. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పుకషాయాలు. మాది మాత్రం ఇలా. "చూశావా?" అన్నారాయన, తానే భూమిలోకి దిగి పోసి వచ్చినట్టు.

చలివేంద్రం ఆలోచన మాత్రం నాదే. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరి మీదికీ నెట్టే ఉద్దేశం నాకు లేదు. అంతకు ముందు వేసవిలో మా అమ్మ రత్నమ్మ పోయింది. ఇల్లు ఎలాగూ దసరా తర్వాత గాని మొదలుకాదు, అంత మంచి నీళ్ళు ఊరికే ఉన్నాయి కదా అనిపించింది. ఆ యేడు, అంటే తొంభై తొమ్మిదిలో, ఉగాది రోజున కొత్తగూడ చౌరస్తాలో తాటాకు పందిరి వేయించి, ఆరు పెద్ద కుండలు పెట్టించి, అమ్మ పేరు రాయించాను. ట్రాలీ ఆటో చంద్రయ్య రోజూ తెల్లారగానే మా బోరు నీళ్ళు క్యాన్లలో పట్టి తెచ్చేవాడు. మేమున్నది వెంగళరావు నగర్‌లో అద్దె ఇల్లు, అక్కడ మాకు మంజీర నల్లా ఉంది. అంచేత మేం ఆ నీళ్ళు రుచి చూసిన మొదటిరోజు తప్ప మళ్ళీ తాగింది లేదు.

ఆ చౌరస్తా అప్పట్లో కూలీల అడ్డా. గుండ్రటి అద్దాల భవనం లేచాక దాని చుట్టూ ఎక్కడ చూసినా పునాదులే. పాలమూరు నుంచి, మెదక్ నుంచి వచ్చినవాళ్ళు పొద్దున్నే అక్కడ లారీలెక్కి సైట్లకు పోయేవారు. ఎక్కేముందు మా పందిరి దగ్గర నీళ్ళు తాగి, సీసాల్లో నింపుకునేవారు. నీళ్ళు పోయడానికి ఈరమ్మను పెట్టాను. యాభై దాటిన మనిషి. కొడుకు మధు సెంట్రింగు పని చేస్తాడు. చౌరస్తా వెనక గుడిసెల్లో ఉంటారు.

ఏప్రిల్‌లో ఒకసారి ఈరమ్మ నాతో అంది: "అమ్మా, నీళ్ళు తాగినోళ్ళు కొందరు కడుపు నొస్తుందంటున్రు." నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రాత్రంతా కల్లు తాగి పొద్దున నా నీళ్ళ మీద పెడతారా?" అన్నాను. మే మొదట్లో మళ్ళీ అంది. "నిన్నటి అన్నం తిని ఎండలో పనిచేస్తే నొప్పి రాక ఏమొస్తుంది?" అన్నాను. మూడోసారి ఆమె నీళ్ళ సంగతి ఎత్తలేదు. కొడుక్కి వాంతులవుతున్నాయి, లేవలేకపోతున్నాడు, రోజూ ఒక గంట ముందు ఇంటికి పోతానని మాత్రం అడిగింది. అది బుధవారం. నేను జాలిపడ్డాను. నా జాలికి ఎప్పుడూ నోరెక్కువే. "బస్తీ నల్లా నీళ్ళు వాడికి పోయకు. మన బోరు నీళ్ళు రోజూ ఒక క్యాను ఇంటికి తీసుకుపో. కాచి చల్లార్చి అవే తాగించు. ఈశాన్యపు నీళ్ళు, మందులా పనిచేస్తాయి" అన్నాను. ఈశాన్యం మాట నా నోట వచ్చినందుకు మా ఆయన సంతోషించారు.

ఆదివారం పొద్దున మేమిద్దరం స్కూటరు మీద చెరువు అవతలి గట్టుకు వెళ్ళాం. అక్కడ పదమూడేళ్ళ కిందట మూతబడిన రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాని క్వార్టర్లు పడగొడుతున్నారని, పాత టేకు తలుపులు అమ్ముతున్నారని ఎవరో ఈయన చెవిన వేశారు. నేను నాలుగు రేకుల షెడ్లు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఒక ఊరు ఊరంతా ఉంది, మనుషులు లేకుండా.

పెద్దన్న అనే ఆయన మాకు ఎదురొచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఫ్యాక్టరీలో సైరన్ వేసే పని చేసేవాడట. అందరూ పోయినా ఆయన పోలేదు. తలుపుల మీది చెక్కడాలు మా ఆయన గోటితో గీకి చూస్తుంటే, నేను పెద్దన్న వెంట ఊరు చూడ్డానికి బయలుదేరాను.

"గిది బడి. ఏడో తరగతి దాంక ఉండె. గిది సినిమా షెడ్డు, శనివారం శనివారం పరద కట్టి ఏస్తుండ్రి. గిది దవాఖాన. ఆరు నూర్ల ఇండ్లమ్మా! నా సైరన్ మోగితెనే పొయ్యి ముట్టిస్తుండ్రి, నా సైరన్ మోగితెనే పిల్లలు బడికి ఉరుకుతుండ్రి. గీ హైటెక్ అనేటిది గిప్పుడొచ్చింది గని, గప్పట్ల గీడికి వచ్చి కొలువు దొరికిందంటె పెండ్లి పిల్లను ఎదురొచ్చి ఇస్తుండ్రి."

బడి గోడ మీద ఎక్కాలు ఇంకా ఉన్నాయి. దవాఖాన కిటికీలో వేపమొక్క మొలిచి బయటికి వచ్చింది. చెరువులోకి దిగే రాతి మెట్లు చూసి నేను ఆగిపోయాను. ఒక మెట్టు ఎర్రగా, ఒకటి నీలంగా, ఇంకొకటి పసుపుపచ్చగా ఉంది. ఎవరో పండక్కి రంగులు వేశారేమో అన్నాను.

పెద్దన్న నవ్వాడు. "ఎవ్వలు ఎయ్యలే. ఏ దినం ఏ రంగు వండితె చెరువు గా రంగు. పొద్దుగాల చెరువు జూసి లోపల ఏం పని నడుస్తుందో చెప్తుంటిమి. నీళ్ళు ఎండుకుంట పోతె ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క రంగు అంటుకున్నది."

నాకు నవ్వు రాలేదు. అయినా మా బోరుకీ దానికీ ముడి పెట్టాలని నాకు తోచలేదు. మాది ఆ గట్టు, ఇది ఈ గట్టు. మధ్యలో చెరువంత చెరువు ఉంది. నేల కింద నీటికి గట్లుంటాయా అని డిగ్రీ చదివిన నా బుర్రకు తట్టలేదు.

మా ఆయన రెండు తలుపులు ఎంచుకుని వచ్చి కలిశాక, బాయిలర్ గది డాబా మీదికి ఎక్కితే ఊరంతా కనిపిస్తుందని పెద్దన్న తీసుకుపోయాడు. సైరన్ ఇంకా అక్కడే ఉంది, తుప్పు పట్టి. దూరాన కొండరాళ్ళ వెనక అద్దాల భవనం ఎండకి మెరుస్తోంది. పెద్దన్న ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తున్నాడు. గేటు. క్యాంటీను. సమ్మెప్పుడు టెంటు వేసిన చోటు. తర్వాత చెరువు కట్ట మీదుగా వేలు అవతలి గట్టుకు పోయింది.

"గా కట్ట మీద పట్టాలుండె. రంగు వండినంక అడుగున మిగిలే బురదను డ్రమ్ములల్ల నింపి, ట్రాలీల మీద గా మూలకు తోలుతుండ్రి. ఇండ్లకు దూరం ఉండాలె గద. తాడిచెట్టంత గుంత తవ్వి అండ్ల పూడ్చిండ్రు. పద్దెనిమిది ఏండ్లు పూడ్చిండ్రు. గడ్డి గూడ మొలవకపోయేది. ఐదారేండ్ల కింద ఎవ్వలో మొరం కొట్టి చదును చేసిండ్రు, గిప్పుడు ప్లాట్లట. గా కొసకు సూడుండ్రి, నీలం డబ్బా అగుపడ్తలేదా? ఎవ్వడో పిచ్చోడు సరిగ్గ గుంత మీదనే బోరేసిండు."

నీలం డబ్బా మా మోటారు షెడ్డు. దాని రేకులకు నీలం రంగు ఎంచింది నేనే. పక్కన నాలుగు హద్దురాళ్ళు, పసుపు పూసినవి, అంత దూరానికి కూడా తెలుస్తున్నాయి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అటే చూస్తున్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"ఆ నీళ్ళు ఎవరైనా తాగితే?" అని నేనే అడిగాను.

"గుంత పక్కన ఒక బాయి ఉండెనమ్మా. తియ్యటి నీళ్ళు. తియ్యగున్నయని కూలోళ్ళు గవే తాగిండ్రు. మొదలు కడుపునొప్పి. ఆనక కక్కుడు. ఆనక చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కి లేవకపోయేది. ఒక్క ఎండకాలంల పదకొండు మంది పోయిండ్రు. కంపెనీ మాకేం చెప్పలే. బాయి మీద బండ పరిచిండ్రు, సార్ల ఇండ్లకు ట్యాంకర్లు తెప్పించుకున్నరు. గంతే."

తియ్యటి నీళ్ళు. కడుపునొప్పి. వాంతులు.

"కాచి తాగితే పోదా? బాగా మరగకాచి?" అన్నాను. ఆయన ఔనంటే చాలు, ఆ ఒక్క మాట పట్టుకుని బతికేదాన్ని.

"మా తమ్మునికి కాగబెట్టే పోసినమమ్మా" అన్నాడు పెద్దన్న.

ఆ మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. చీర కుచ్చిళ్ళు చిరిగిన సంగతి మర్నాడు చూసుకున్నాను. మా ఆయన వెనక పరుగెత్తుకొచ్చి, "కంగారు పడకు. ముసలాయన మాటలు. ముందు ఎక్కడైనా పరీక్ష చేయిద్దాం. సొసైటీలో అరవై కుటుంబాలున్నాయి, ఊరికే గొడవ..." అంటున్నారు.

"మధుకి నాలుగు రోజులుగా కాచి పోయిస్తున్నానండీ!" అని అరిచాను. "బతికున్నాడో లేదో! ముందు బండి తియ్యండి!"

ఆయన బండి తీశారు. దారంతా నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. రోజుకో క్యాను. ఇరవై లీటర్లు. నాలుగు రోజులు. మా అమ్మ బతికుండగా ఎవరికీ చెడ్డ మాట కూడా చెప్పి ఎరగదు. ఆవిడ పేరు బోర్డు మీద రాయించి, దాని కింద ఈరమ్మను కూర్చోబెట్టి జనానికి విషం పోయించాను. కల్లు తాగారని తిట్టి మరీ పోయించాను.

కొత్తగూడ చౌరస్తా చేరేసరికి పదకొండున్నర. పందిరి కింద ఇటుకల లారీ దించిన హమాలీలు ఏడెనిమిది మంది వరసలో నిలబడి ఉన్నారు. ఈరమ్మ చెంబుతో ముంచి వాళ్ళ దోసిళ్ళలోకి ఎత్తి పోస్తోంది. స్కూటరు ఆగకముందే నేను దూకాను. ముందున్నవాడి దోసిలి చరిచేశాను. నీళ్ళు వాడి మొహాన పడ్డాయి.

"తాగకండి! ఎవరూ తాగకండి! మంచి నీళ్ళు కావివి!"

మొదటి కుండను కాలితో తన్నాను. అది పగల్లేదు, దొర్లింది. రెండోదాన్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాను. మే నెల ఎండలో, దాహంతో ఉన్న మనుషుల ముందు నీళ్ళ కుండలు పగలగొట్టే ఆడదాన్ని చూసి వాళ్ళు ఏమనుకుంటారు? ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏందమ్మా, పానం బాగ లేదా? కుండలేం పాపం చేసినయి?" అన్నాడు. ఇంకొకడు దొర్లిన కుండలో మిగిలిన నీళ్ళ కోసం వంగాడు. విషమని చెప్పాను. "నీళ్ళే గదమ్మా, జర గొంతు తడవనీ, ఆనక ఏమైతె గదే అయితది" అన్నాడు. వాడి పెదవులు పగిలి నెత్తురొస్తోంది. మా ఆయన వాడి చేతిలోంచి కుండ లాక్కుని బోర్లించి, మిగిలిన కుండలూ ఒలకబోసి, ఎదురుగా ఉన్న హోటల్లోకి పరుగెత్తి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చారు. ఆయన బకెట్ మోయడం నేను చూడటం అదే మొదలు.

ఈరమ్మ కదల్లేదు. చెంబు పట్టుకుని పీట మీద అలాగే కూర్చుని ఉంది.

"మధు ఎలా ఉన్నాడు? ఈరమ్మా, చెప్పు! మధు ఎలా ఉన్నాడు?"

"మంచిగనే ఉన్నడమ్మా. పొద్దుగాల లేచి గట్క తాగిండు."

నేను అక్కడే బురదలో కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె మొహంలో మాత్రం సంతోషం లేదు. భయపడుతోంది. తల దించుకుని, చాలా చిన్న గొంతుతో చెప్పింది.

"కోపం జెయ్యకుండ్రి అమ్మా. మీరిచ్చిన నీళ్ళు నేను వానికి పొయ్యలే. మొదటి రోజు కాగబెట్టిన. గిన్నె అడుగున పసుపుపచ్చ మరక పట్టింది. బూడిదేసి రుద్దితె గూడ పోలే. గా నీళ్ళు నా కొడుకుకు ఎట్ల పోస్తనమ్మా? నల్లా నీళ్ళే పోసిన. మీకు తెలిస్తె తిడతరని క్యాను ఎనకకు పారబోసిన."

నా మాట వినకపోబట్టి వాడు బతికాడు. అది తలకెక్కడానికి నాకు కొంతసేపు పట్టింది. ఎక్కాక ఇంకొకటి దాని వెనకే వచ్చింది.

"అంటే గురువారం నుంచి నీకు తెలుసు" అన్నాను. "తెలిసి ఇక్కడ వీళ్ళందరికీ పోస్తున్నావా?"

ఈరమ్మ తలెత్తింది. నా వైపు సూటిగా చూడటం ఆమెకు అదే మొదటిసారి అనుకుంటాను.

"మీకు రెండుసార్లు చెప్పిన గదమ్మా. కల్లు తాగిండ్రన్నరు. సద్దన్నం తిన్నరన్నరు. సదువుకున్నోళ్ళు మీరే మంచియంటిరి, మా గిన్నెల మరకను ఎవ్వలు నమ్ముతరు? పొయ్యకపోతె నన్ను తీసేసి ఇంకొకామెను పెడ్తరు, ఆమె పోస్తది." చెంబు పక్కన పెట్టి, "నేను మాత్రం ఇంటికాడి నుంచి సీసల తెచ్చుకుంటున్న. అది తప్పేనమ్మా" అంది.

తప్పెవరిదో ఆమె నాతో వాదించలేదు. వాదిస్తే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. మా ఆయన మెల్లగా దగ్గరికొచ్చి, వెంటనే డాక్టరుకు చెప్పాలి, తాగినవాళ్ళందరినీ చూపించాలి అన్నారు. నాకు దిగులు ముంచుకొచ్చింది. ఉగాది నుంచి మే నెల మధ్యదాకా ఈ చౌరస్తాలో నీళ్ళు తాగిన కూలీలను ఎవరు వెతికి పట్టుకోగలరు? ఏ లారీ ఎవరిని ఎక్కడికి తీసుకుపోయిందో! అదే పైకి అన్నాను.

"నాకు ఎరుకనే గద" అంది ఈరమ్మ. "ఎవ్వలు ఏ ఊరోళ్ళో, ఏ సైటుల చేస్తున్రో, ఎవ్వలికి నొప్పి లేసిందో. రోజు నా చేతిల తాగేటోళ్ళే గదమ్మా. రాసుకుంటరా?"

మా ఆయన జేబులో తలుపుల కొలతలు రాసుకున్న కాగితం ఉంది. దాని వెనక రాయడం మొదలుపెట్టాను. ఈరమ్మ చెబుతోంది. గచ్చిబౌలి సైటులో రాళ్ళు కొట్టే మక్తల్ వాళ్ళు పద్నాలుగు మంది, పేరుపేరునా. అద్దాల మేడలో ఊడ్చే వసంత, ఆమె ఇద్దరు చెల్లెళ్ళు. మాదాపూర్ రోడ్డు మీద తారు పోసే ముఠా. ఎవరికి కడుపునొప్పి ఎప్పుడు మొదలైందో కూడా చెప్పింది. రెండు నెలలుగా నేను ఆమెను రోజు విడిచి రోజు చూస్తున్నాను. ఇందులో ఒక్క పేరూ నేను ఎప్పుడూ అడగలేదు. కాగితం నిండితే మా ఆయన హోటల్ బిల్లు పుస్తకం తెచ్చిచ్చారు.

"రామచంద్రం మేస్త్రి" అంది.

"ఏ సైటు?"

"ఏ సైటు లేదమ్మా. మొన్న సోమవారం సచ్చిపోయిండు. గీ పందిరి కాడనే. కడుపు పట్టుకొని వచ్చి పడిపోయిండు. ఎండదెబ్బ అన్నరు. అందరికన్న ఎక్కువ ఈయననే తాగుతుండె, మన నీళ్ళు తియ్యగుంటయని. దూప దూప అన్నడు. తల నా ఒడిల పెట్టుకొని మూడు గిలాసలు పోసిన. అప్పటికి నాకు గిన్నె సంగతి తెల్వదమ్మా, ఒట్టు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆఖరి గడియల గొంతు తడిపిండ్రు, గా పుణ్యం నీళ్ళు పెట్టిచ్చిన పెద్దమ్మదేనని అందరు మీకు దండం పెట్టిండ్రు. మీరొస్తె చెప్దామనుకున్న. మీరు తొందరల ఉంటిరి."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు.

"ఆ పేరు గూడ రాయుండ్రమ్మా" అంది ఈరమ్మ.

రాశాను.